ఫ్రాన్స్ రాజుగారి బట్టతల

ఎం.ఏ.లో నన్ను ఏడిపించింది పెద్ద పెద్ద సిద్ధాంతాలు కాదండీ, ఇంగ్లీషులోని 'ది' (the) అనే చిన్న ముక్క, ఫలానా ఒక్కటి ఉందని సూచించేది. బ్రిటిష్ తత్వవేత్త బెర్ట్రండ్ రసెల్ 1905లో 'మైండ్' అనే తత్వశాస్త్ర పత్రికలో రాసిన వ్యాసానికి అదే ఆయువుపట్టు. తెలుగులో ఆ ముక్కే లేదాయె! లేనిదాని గురించి పరీక్ష రాయాలంటే టెన్షన్ రాదూ?

రసెల్ తీసుకున్న వాక్యం ఇది, ఇంగ్లీషులో 'ది'తోనే మొదలవుతుంది: "ఇప్పటి ఫ్రాన్స్ రాజుది బట్టతల." ఫ్రాన్స్‌లో అప్పటికే రాజు లేడు. బట్టతల వాళ్లందర్నీ ఒక వరసలో, జుట్టున్న వాళ్లందర్నీ ఇంకో వరసలో నిలబెట్టండి. రాజుగారు రెంటిలోనూ కనబడరు. ఎదురెదురు వాదాల సమన్వయమంటే ప్రాణం పెట్టే జర్మన్ తత్వవేత్త హెగెల్ శిష్యులైతే ఆయన విగ్గు పెట్టుకున్నాడని తేలుస్తారేమో అని రసెల్ చురక. తత్వశాస్త్రంలో నవ్వొచ్చే చోట్లు తక్కువ, దొరికినప్పుడు నవ్వేయాలి.

రసెల్ ఆ వాక్యాన్ని మూడు ముక్కలు చేశాడు. ఫ్రాన్స్‌కి రాజున్నాడు, ఒక్కడే ఉన్నాడు, ఉన్నవాడిది బట్టతల. మొదటిదే తప్పు కాబట్టి మొత్తం అబద్ధం. మరి ఆ వాక్యానికి 'నాట్' తగిలిస్తే? ఇంగ్లీషులో రెండర్థాలొస్తాయి. తెలుగులో "రాజుగారికి బట్టతల లేదు" అంటే రాజున్నాడు, జుట్టూ ఉందనే వింటాం. రెండో అర్థం కావాలంటే "రాజుగారిది బట్టతల అన్నమాట నిజం కాదు" అని చుట్టు తిరిగి రావాలి. మన భాష గొప్పదని అప్పుడే చప్పట్లు కొట్టకండి, ఇబ్బంది వేరే చోటికి జరిగిందంతే.

1950లో స్ట్రాసన్ అనే మరో బ్రిటిష్ తత్వవేత్త అడ్డం తిరిగాడు. రాజే లేనప్పుడు నిజమా, అబద్ధమా అన్న ప్రశ్నే పుట్టదన్నాడు. నాకిది పుస్తకంలో అర్థం కాలేదు, గుంటూరు ప్యాసింజర్లో అర్థమైంది. ఎదురుసీటాయన ఒక పెద్దాయన్ని అడిగాడు: "బాబాయిగారూ, మీ అబ్బాయి సంక్రాంతికి వస్తున్నాడా?"

"నాకు ఇద్దరూ ఆడపిల్లలే కదయ్యా!"

వస్తున్నాడనీ అనలేదు, రావట్లేదనీ అనలేదు.

స్ట్రాసన్ వాదనల్లో తనకు ఏ బలమూ కనిపించలేదని 1957లో రసెల్ జవాబు రాశాడు. ఆయన లెక్క ప్రకారం "వస్తున్నాడా?" అంటే పెద్దాయన "లేదు" అనేస్తే చాలు, తర్కానికి లోటుండదు. ఎదురుసీటాయన మాత్రం వెంటనే అనేవాడు: "అయ్యో, సెలవు దొరకలేదా పాపం!"