సీటు రెండంగుళాలు లేపాక

శ్రోతలకు నమస్కారం.

నలభై అయిదేళ్లు దాటాక నేను మళ్లీ సైకిలెక్కాను. షుగరు బార్డర్‌లో ఉంది, రోజూ అరగంటైనా ఒళ్లు కదలాలన్నారు డాక్టరు గారు. నడకంటే నాకు విసుగు. సైకిలంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. సరే అని కొత్తది కొన్నాను. పది రోజులు తిరిగేసరికి రెండు మోకాళ్లకూ చిప్ప చుట్టూ నొప్పి మొదలైంది. వయసు మీద పడింది, ఇక మన వల్ల కాదనుకుని సైకిల్ని మెట్ల కింద పెట్టేశాను.

నెల తర్వాత ఎవరికైనా ఇచ్చేద్దామని, గాలి కొట్టించడానికి పంక్చర్ షాపుకు తోసుకెళ్లాను. షాపు పెద్దాయన "ఒకసారి తొక్కండి సార్, చూస్తాను" అన్నాడు. మలుపు దాకా వెళ్లొచ్చాను. "మోకాళ్లు పొట్ట దాకా వస్తున్నాయండీ, నొప్పి పుట్టక ఏమవుద్ది?" అంటూ పానా తీసి సీటు కింద నట్టు వదులు చేశాడు. సీటును అటూ ఇటూ తిప్పుతూ రెండంగుళాలు పైకి లాగి బిగించాడు. ఆ సైకిలే ఇప్పటికీ తొక్కుతున్నాను.

కొన్న రోజు సీటు దించమని అడిగింది నేనే. కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి, అదీ నా కొలత. మనలో చాలామందిది అదే కొలత. సైకిలు నేర్చుకునేటప్పుడు అది మంచిదే, పడిపోతామన్న టెన్షన్ ఉండదు. కానీ రోజూ తొక్కే పెద్దవాళ్లకు సీటు ఎత్తు చూడాల్సింది నేల నుంచి కాదు, పెడల్ నుంచి. కుర్చీలోంచి లేవడం తేలిక, పీట మీంచి లేవడం కష్టం కదా? మోకాలు ఎంత ముడుచుకుని ఉంటే, బలం పెట్టినప్పుడు చిప్ప మీద అంత ఒత్తిడి. సీటు కిందికుంటే ప్రతి తొక్కుకీ పీట మీంచి లేచినట్టే.

ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. రోజూ వేసుకునే చెప్పులో బూట్లో వేసుకుని, సైకిల్ని గోడ పక్కన నిలబెట్టి ఎక్కండి. హ్యాండిల్ పట్టుకోవడానికి ఒకరు తోడుంటే మంచిది. ఒక పెడల్‌ని పూర్తిగా కిందికి తెచ్చి దాని మీద మడమ ఆనించండి. కాలు నిటారుగా చాపుకోవాలి, అలాగని నడుము ఆ పక్కకు ఒరగకూడదు. ఇప్పుడు మడమ తీసి, పాదం ముందు భాగం పెడల్ మీద పెట్టండి. మోకాలు కాస్త వంగుతుంది. ఆ కాస్త వంపే మనకు కావలసింది. తర్వాత మడమలతోనే పెడళ్లను వెనక్కి తిప్పి చూడండి. నడుము అటూ ఇటూ ఊగుతుంటే సీటు ఎక్కువ లేచినట్టు. మోకాలి వెనక నరం లాగుతున్నా అంతే, కొంచెం దించాలి.

లెక్క కావాలంటే ఒకటుంది. టూర్ ద ఫ్రాన్స్ అనే పేరున్న సైకిల్ పందెం మూడుసార్లు గెలిచిన అమెరికా రేసర్ గ్రెగ్ లెమాండ్ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య ఒక పుస్తకాన్ని పైకంటా ఆనించి, నేల నుంచి దాని పైఅంచు దాకా కొలవాలి. దాన్ని 0.883తో గుణిస్తే, పెడళ్లు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన దూరం వస్తుంది. 80 సెంటీమీటర్లయితే దాదాపు 70.6. నేను మాత్రం మడమనే నమ్ముతాను. దానికి టేపు అక్కర్లేదు.

ఒక్కసారే రెండంగుళాలు లేపితే కొందరికి భయమేస్తుంది. రెండు రోజులకోసారి అర అంగుళం చొప్పున లేపండి. ఆగేటప్పుడు సీటు మీద కూర్చుని ఉండగానే కాలు చాపకండి, సీటు దిగి ముందుకొచ్చి ఒక పాదం నేల మీద పెట్టండి. అలా నిలబడ్డప్పుడు అడ్డకమ్మీ ఒంటికి తగులుతుంటే మాత్రం ఫ్రేమే పెద్దది, సీటుతో తీరేది కాదు. పెద్ద సైకిళ్లలో 24 అంగుళాల ఫ్రేము ఎత్తయితే 22 చూసుకోవాలి.

ఇంకో జాగ్రత్త చెప్పాలి, ఇది ప్రాణం మీది సంగతి. సీటు పైపు మీద ఒక గీత ఉంటుంది. అది బయటికి కనిపించేంతగా లాగకండి, పైపు వంగినా విరిగినా ప్రమాదం. గీత లేకపోతే కనీసం మూడంగుళాలు లోపల ఉంచండి. అప్పటికీ ఎత్తు చాలకపోతే పొడుగు పైపు వేయించుకోండి.

సీటు నేలకు సమంగా ఉంటే చాలు. ముక్కు కిందికి వాలితే ఒంటి బరువంతా అరచేతుల మీద పడి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. వాలకపోయినా తిమ్మిరొస్తే హ్యాండిల్ కాస్త లేపించండి. కడ్డీ బ్రేకుల సైకిలైతే హ్యాండిల్ కదిపాక బ్రేకులు కూడా సరిచేయించాలి, అందుకే ఆ పని షాపులోనే మేలు.

మా ఇంట్లో ఆ సైకిలు మా అబ్బాయి కూడా తీసుకెళ్తాడు. వాడు నాకంటే పొడుగు. సీటు పైపు మీద నా ఎత్తుకు ఎర్ర రంగు, వాడి ఎత్తుకు నల్ల రంగు గుర్తు పెట్టాం. పొద్దున్నే పానా తీసుకుని సీటును ఎర్ర గుర్తు దాకా దించి, నట్టు గట్టిగా బిగించి, సీటు ముక్కు పట్టుకుని ఒకసారి తిప్పి చూస్తాను. కదలకపోతే బయల్దేరతాను.

నమస్కారం.