ముందు కార్టిసాల్ సంగతి, తర్వాతే థైరాయిడ్ మాత్ర

(మే 25, ప్రపంచ థైరాయిడ్ దినం సందర్భంగా అనంతపురంలో రోగులు, వారి కుటుంబాల ముందు ఒక ఫిజీషియన్ చేసిన ప్రసంగం)

అక్కలకు, అన్నలకు, పెద్దలకు నమస్కారం. ఈ ఎండల్లో ఇంతమంది వచ్చారంటే థైరాయిడ్ మన ఊళ్లో ఎన్ని ఇళ్లలో ఉందో అర్థమవుతోంది. నన్ను థైరాయిడ్ గురించి మొత్తం చెప్పమన్నారు. అంతా చెప్పను. ఒక్క విషయమే తీసుకుంటాను. దాంట్లో తప్పటడుగు పడితే ప్రాణం మీదికి వస్తుంది, అందుకు.

ఈమధ్య ఓపీలో వినిపించే మాట ఇది. “సార్, థైరాయిడ్ మాత్ర రోజూ వేసుకుంటున్నా. టీఎస్‌హెచ్ నార్మలే. అయినా పొద్దున మంచం మీంచి లేయబుద్ధి కాదు. కార్టిసాల్ తక్కువుంటే ఇట్లా ఉంటుందంట. తెల్లారుజామున అలారం పెట్టుకుని టీ3 మాత్ర వేసుకుంటే అది పెరుగుతుందంట కదా?” టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ను పనిచేయమని చెప్పే హార్మోన్, థైరాయిడ్ తగ్గితే సాధారణంగా అది పెరుగుతుంది. టీ3 అంటే థైరాయిడ్ హార్మోన్లలో త్వరగా పనిచేసే రకం. కొందరు ఇలా అడుగుతారు. కొందరు అడక్కుండానే మొదలుపెట్టి, గుండెదడ వచ్చాక వస్తారు.

ఈ ఆలోచన ఊరికే పుట్టింది కాదు. కార్టిసాల్ అనేది కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు తయారుచేసే హార్మోన్. బీపీ, షుగరు పడిపోకుండా చూసేది, జబ్బు చేసినప్పుడు మనిషిని నిలబెట్టేది అదే. అర్ధరాత్రి బాగా తక్కువగా ఉంటుంది. మనం ఇంకా నిద్రలో ఉండగానే, తెల్లవారుజామున పెరగడం మొదలై, లేచే వేళకు శిఖరానికి చేరుతుంది. అడ్రినల్ అలా పనిచేసే గంటల్లో దానికి టీ3 అందిస్తే ఇంకా బాగా పనిచేస్తుందని విదేశాల్లో కొందరు రోగులు ప్రచారంలోకి తెచ్చారు. టీ3 మాత్ర వేసుకున్న రెండు నుంచి నాలుగు గంటల్లో రక్తంలో బాగా పెరుగుతుంది కాబట్టి లెక్క కుదిరినట్టే కనిపిస్తుంది. కొందరికి నిజంగానే ఓపిక వచ్చినట్టు ఉంటుంది. టీ3 ఎక్కువైతే మొదట్లో ఎవరికైనా చురుకుగానే ఉంటుంది, దాన్ని చూసి కార్టిసాల్ పెరిగిందనుకోకూడదు. ఈ పద్ధతిని నమ్మదగిన ట్రయల్ ఏదీ నిరూపించలేదు. అడ్రినల్ నిజంగా దెబ్బతిన్న మనిషిలో ఇది సరిగ్గా తిరగబడుతుంది.

ఎందుకో చెప్తాను. శరీరం తయారుచేసుకున్న కార్టిసాల్‌ను ఎక్కువగా లివరే ఖర్చు చేసేస్తుంది. థైరాయిడ్ తక్కువగా ఉన్నప్పుడు ఈ పని మందగిస్తుంది. అందుకే అడ్రినల్ అరకొరగా పనిచేస్తున్నా, ఆ కొంచెం కార్టిసాలే ఎక్కువసేపు నిలిచి మనిషి ఎలాగో నెట్టుకొస్తాడు. థైరాయిడ్ మాత్ర పడగానే లివర్ వేగం పెరుగుతుంది, ఒంటి అవసరమూ పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న అడ్రినల్ ఆ మేరకు ఎక్కువ తయారుచేస్తుంది, ఇబ్బంది లేదు. దెబ్బతిన్న అడ్రినల్ చేయలేదు. మన జిల్లా రైతుకు ఇది నేను చెప్పనక్కర్లేదు: అడుగంటిన బోరుకు పెద్ద మోటారు బిగిస్తే నీళ్లు పెరగవు, ఉన్నవి కూడా అయిపోతాయి. అప్పుడు వాంతులు, కడుపునొప్పి, బీపీ పడిపోవడం, సోడియం తగ్గడం, స్పృహ తప్పడం. దీన్నే అడ్రినల్ క్రైసిస్ అంటాం. సమయానికి ఇంజెక్షన్ పడకపోతే మనిషి దక్కడు.

ఇక్కడ ఒక్క చిన్న చరిత్ర. మామూలుగా వాడే థైరాయిడ్ మాత్రలో ఉండే హార్మోన్ థైరాక్సిన్, అంటే టీ4. దాన్ని మొదట వేరుచేసిన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కెండాల్. అమెరికాలోని మేయో క్లినిక్‌లో 1914 క్రిస్మస్ రోజున ఆ పని చేశాడు. అదే మనిషి తర్వాత అడ్రినల్ హార్మోన్ల మీద పనిచేసి, కార్టిసాల్‌కు దగ్గరి హార్మోన్ అయిన కార్టిసోన్‌ను కూడా వేరుచేశాడు. దానికి 1950లో హెంచ్, రైష్‌టైన్‌లతో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఈ రెండు గ్రంథులూ ఒకే మనిషి జీవితకాలపు పనిలో కలవడం నాకెప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

మన దగ్గర కార్టిసాల్ నిజంగా ఎవరికి పడిపోతుంది? నాకు అన్నిటికంటే భయం వేసేది స్టెరాయిడ్ మాత్రలు. మోకాళ్ల నొప్పులకో, ఆయాసానికో, ఒళ్లునొప్పులకో పల్లెల్లో రంగురంగుల మాత్రలు పొట్లాం కట్టి ఇస్తారు. దాంట్లో డెక్సామెథసోనో, ప్రెడ్నిసొలోనో ఉంటుంది. మొదటి రోజే నొప్పి మాయం, ఆకలి బాగా వేస్తుంది, రానురాను ముఖం గుండ్రంగా అవుతుంది. ‘ఆయన చేతి మాత్ర భలే పనిచేసింది’ అనుకుంటూ నెలలు, ఏళ్లు వాడతారు. కార్టిసాల్‌లా పనిచేసే ఈ స్టెరాయిడ్ బయటినుంచి వస్తుంటే సొంత అడ్రినల్ పని మానేస్తుంది. ఒకరోజు పొట్లాం అయిపోతుంది, లేదా ఎవరో తిడితే మానేస్తారు. ఇక అక్కడినుంచి నీరసం, వికారం, లేస్తే కళ్లు తిరగడం. ఆ స్థితిలో రక్తపరీక్ష చేయించి, టీఎస్‌హెచ్ కాస్త ఎక్కువుందని థైరాయిడ్ మాత్ర పెంచితే ఏమవుతుందో ఊహించండి. దయచేసి పేరు తెలియని ప్రతి మాత్ర గురించీ మీ డాక్టరుకు చెప్పండి. పొట్లాం ఉంటే తీసుకురండి. చర్మానికి ఏళ్లతరబడి రాసే స్టెరాయిడ్ క్రీములూ లెక్కలోకే వస్తాయి.

రెండోది ఆడవాళ్లకు సంబంధించింది, ఏళ్లకొద్దీ ఎవరి కంటా పడకుండా ఉండేది. కాన్పులో రక్తం విపరీతంగా పోతే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతింటుంది. షీహాన్ సిండ్రోమ్ అంటారు. 1937లో షీహాన్ అనే బ్రిటిష్ డాక్టర్ దీన్ని వివరించాడు. బిడ్డకు పాలు పడవు, నెలసరి మళ్లీ రాదు, చంకల్లో వెంట్రుకలు రాలిపోతాయి, మనిషి పాలిపోతుంది. ‘కాన్పయినప్పటినుంచీ ఇంతే, ఒంట్లో శక్తి లేదు’ అని ఇంట్లోవాళ్లు అలవాటు పడిపోతారు. ఈ తల్లుల్లో థైరాయిడ్, కార్టిసాల్ రెండూ పడిపోతాయి. టీఎస్‌హెచ్ మాత్రం నార్మల్‌గా కనిపించవచ్చు, ఎందుకంటే దాన్ని పంపేదే ఆ దెబ్బతిన్న పిట్యూటరీ. ఫ్రీ టీ4, అంటే రక్తంలో స్వేచ్ఛగా ఉన్న థైరాక్సిన్, కూడా చూస్తేనే బయటపడుతుంది. ఇలాంటి అక్కకు కార్టిసాల్ చూడకుండా థైరాక్సిన్ మొదలుపెట్టడం ఎంత ప్రమాదమో ఇందాకే చెప్పాను. మీ ఇంట్లో, మీ వీధిలో అలాంటి అమ్మ ఉంటే, పదేళ్లయినా సరే, డాక్టరుకు ఆ కాన్పు కథ చెప్పించండి.

మూడోది అడ్రినల్ జబ్బే. 1855లో థామస్ అడిసన్ అనే బ్రిటిష్ డాక్టర్ దీన్ని వివరంగా రాశాడు. టీబీ వల్ల రావచ్చు, మన ఇమ్యూనిటీయే ఆ గ్రంథిపై దాడి చేయడం వల్లా రావచ్చు. ఆటోఇమ్యూన్ థైరాయిడ్ ఉన్నవాళ్లలో కొద్దిమందికి ఇదీ కలుస్తుంది. గుర్తులు: అరచేతి గీతలు, చిగుళ్లు నల్లబడటం, బరువు తగ్గడం, కల్లుప్పు నోట్లో వేసుకోవాలనిపించడం. ఉత్త థైరాయిడ్ తక్కువైతే సాధారణంగా బరువు తగ్గదు, పెరుగుతుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. ఇంకో మెలిక కూడా ఉంది. కార్టిసాల్ తక్కువగా ఉన్నంత మాత్రానే టీఎస్‌హెచ్ కొద్దిగా పెరగవచ్చు. స్టెరాయిడ్ సరిచేస్తే అది తనంతట తనే దిగుతుంది. అప్పుడు థైరాయిడ్ మాత్ర అవసరమే ఉండకపోవచ్చు.

మరి పరీక్ష? పొద్దున 8 గంటల ప్రాంతంలో సీరం కార్టిసాల్, అంటే రక్తంలో కార్టిసాల్ ఎంతుందో చూడటం. మధ్యాహ్నం ఇచ్చిన రక్తంలో తక్కువొస్తే దానికి అర్థం లేదు. నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, వాళ్ల గడియారం వేరు. డెసీలీటరుకు 3 మైక్రోగ్రాముల కంటే తక్కువుంటే అడ్రినల్ లోపం దాదాపు ఖాయం. 15 నుంచి 18 దాటితే సాధారణంగా భయం లేదు. మధ్యలో ఉంటే అడ్రినల్‌ను పనిచేయమని చెప్పే ఏసీటీహెచ్ అనే హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి, అడ్రినల్ ఎంత స్పందిస్తోందో చూస్తారు. జుట్టుకోసం బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్ల రిపోర్టులు కొన్ని మెషిన్లలో తప్పుగా వస్తాయి. ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరును అడగండి. గర్భనిరోధక మాత్రలు వాడితే కార్టిసాల్ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది.

ఎక్కువమందికి ఈ పరీక్ష నార్మలే వస్తుంది. అప్పుడు ‘అడ్రినల్ అలసిపోయింది’ అంటూ అమ్మే మందుల జోలికి పోకండి, అలాంటి జబ్బును ఎండోక్రైనాలజీ, అంటే హార్మోన్ల వైద్యశాస్త్రం, గుర్తించలేదు. మీ నీరసం మాత్రం నిజమే, నేను కొట్టిపారేయను. రక్తహీనత ఉందేమో, బీ12 తక్కువుందేమో, గురకతో నిద్ర చెడుతోందేమో చూడాలి. థైరాయిడ్ మాత్ర ఒంటికి అందుతోందా అన్నదీ చూడాలి: పరగడుపున నీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట ఆగి ఉగ్గాని తినండి, ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఇవ్వండి. డోసు మార్చాక ఆరు వారాలకు పరీక్ష చేయించాలి. థైరాక్సిన్ సగం తగ్గడానికే వారం పడుతుంది కాబట్టి ఈరోజు పెంచి రేపు ఫలితం చూడటం కుదరదు. డోసు ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, వయసు మళ్లినవాళ్లకు ఎముకలు గుల్లవుతాయి.

కార్టిసాల్ నిజంగా తక్కువని తేలితే మాత్రం ముందు హైడ్రోకార్టిసోన్, అంటే మందు రూపంలో ఉన్న కార్టిసాలే. పెద్దవాళ్లకు సాధారణంగా రోజుకు 15 నుంచి 25 మిల్లీగ్రాములు, రెండు మూడు భాగాలుగా, పొద్దునది ఎక్కువ. అది పడ్డాకే, కొన్ని రోజులు ఆగి, థైరాక్సిన్ అవసరమైతే మొదలుపెడతారు. ఎప్పటినుంచో థైరాయిడ్ మాత్ర వాడుతున్నవాళ్లు నా మాట విని రేపు దాన్ని మానేయకండి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది మీ డాక్టరుతో తేల్చుకోండి.

హైడ్రోకార్టిసోన్ వాడేవాళ్ల ఇంట్లోవాళ్లకు ఇంకో మాట. జ్వరం వస్తే డోసు రెండు మూడింతలు చేయాలని డాక్టరు చెప్తారు, కాగితం మీద రాయించుకోండి. వాంతులై మాత్ర నిలవకపోతే ఇంట్లో ఎదురుచూడొద్దు. దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లి, “అడ్రినల్ పేషెంట్, హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు ఇంజెక్షన్ కావాలి” అని గట్టిగా చెప్పండి. మన ఎండకు చెమటలో ఉప్పు చాలా పోతుంది కాబట్టి మే నెలలో ఈ అవసరం ఇంకా త్వరగా వస్తుంది. ఆ చీటీ పర్సులో ఒకటి, ఫోన్ కవరు వెనక ఒకటి పెట్టుకోండి.