కత్తి కంటే ముందు సూది

(బెంగళూరు మారతహళ్లిలోని ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో, తెలుగు కుటుంబాల ఆదివారం సమావేశంలో ఒక రేడియాలజిస్టు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మగవాళ్లు కూడా వచ్చారు, సంతోషం. వెనక వరుసలోనే కూర్చున్నారు, అయినా ఫరవాలేదు. రొమ్ము అనే మాట మైకులో వినబడితే తల దించుకోకండి. నేను రోజుకి వందసార్లు అనే మాట అది.

మాది కదిరి పక్కన ఒక పల్లె. మా నాయన ధాన్యం మండీలో గుమాస్తాగా చేసేవాడు. బస్తా మూతి విప్పకుండానే పక్కనుంచి ఇనప గొట్టం గుచ్చి, నాలుగు గింజలు అరచేతిలో పోసుకుని సరుకు సంగతి చెప్పేవాడు. నా ఉద్యోగం కూడా ఇంచుమించు అదే. కాకపోతే నాయన అంచనాగా గుచ్చేవాడు, నేను స్కానింగ్ తెర మీద సూది మొన చూసుకుంటూ రొమ్ములో గడ్డకి గుచ్చి చిన్న ముక్క తీస్తాను.

తమిళంలో గడ్డని కట్టి అంటారు. మన తెలుగువాళ్లకి గడ్డ అనగానే కత్తే గుర్తొస్తుంది. ఈరోజు నా తగాదా అంతా దాంతోనే. రొమ్ములో గడ్డ ఉంటే కత్తి కంటే ముందు సూది పరీక్ష జరగాలి.

మదనపల్లె వైపు నుంచి ఒకావిడ వచ్చింది, నలభై దాటిన మనిషి. రొమ్ములో నిమ్మకాయంత గడ్డ ఉండేది. వాళ్ల ఊళ్లో ఒక నర్సింగ్ హోమ్‌లో మత్తిచ్చి గడ్డ మొత్తం తీసేశారు. రిపోర్టు కాన్సర్ అని వచ్చింది. తీసిన గడ్డ అంచుల్లో కూడా కాన్సర్ కణాలు ఉన్నాయి, అంటే లోపల ఇంకా మిగిలి ఉండొచ్చన్నమాట. ఆవిడకి ఇక్కడ రెండో ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. గడ్డ పెద్దదైనప్పుడు చాలామందికి ముందు కీమో ఇచ్చి, అది చిన్నబడ్డాక ఆపరేషన్ చేస్తాం. మందు పని చేస్తోందో లేదో గడ్డని చూసే తెలుస్తుంది. ఆవిడ విషయంలో చూడటానికి గడ్డే లేదు. ముందు సూదితో ముక్క ఎందుకు తీయించలేదమ్మా అని అడిగితే వాళ్లాయన చెప్పాడు: "సూదితో కెలికితే పాకుతుందన్నారు మేడమ్, అందుకే ఏకంగా తీయించేశాం."

ఈ భయం బెంగళూరు ఐటీ ఉద్యోగుల్లోనూ ఉంది, మా ఊరి ముసలమ్మల్లోనూ ఉంది. దీనికి సూటిగానే జవాబు చెప్పాలి. సూది వెళ్లిన దారిలో కొన్ని కణాలు పక్కకి జరగడం మైక్రోస్కోప్‌లో కనిపించిన మాట నిజం. అవి చాలావరకు అక్కడే చచ్చిపోతాయి. ఆ దారి వెంట కాన్సర్ మళ్లీ పుట్టడం చాలా అరుదు. సూది పరీక్ష చేయించుకున్నందువల్ల ఆయుష్షు తగ్గినట్టు ఎక్కడా తేలలేదు. కాన్సర్ తనంతట తనే పాకుతుంది, దానికి మన సూది అవసరం లేదు. పరీక్ష వాయిదా వేసిన నెలల్లోనే అది పాకుతుంది.

ఒకప్పుడు అమెరికాలో కూడా కత్తే ముందు ఉండేది. ఆడమనిషిని మత్తులోకి పంపి, గడ్డ కోసి, అప్పటికప్పుడు మైక్రోస్కోప్ కింద చూసి, కాన్సర్ అయితే అదే మత్తులో రొమ్ము తీసేసేవాళ్లు. మెలకువ వచ్చాక కట్టు తడిమి చూసుకుంటే గానీ రొమ్ము ఉందో లేదో ఆవిడకి తెలిసేది కాదు. రోజ్ కుష్నర్ అనే జర్నలిస్టు 1974లో తన రొమ్ములో గడ్డ గమనించింది. ముందు పరీక్ష, ఆ తర్వాత మాట్లాడుకుని ఆపరేషన్ అని పట్టుబట్టింది. తర్వాత దేశమంతటా అదే వాదించింది. 1979లో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ నిపుణుల సమావేశం కూడా రెండు దశలుగా చేయడమే మేలంది. ఇక్కడ మనవాళ్లు ఇంకా ఏకంగా తీయించేస్తున్నారంటే నాకు బాధేస్తుంది.

ఇప్పుడు సూదుల సంగతి. మొదటిది ఎఫ్‌ఎన్‌ఏసీ, సన్న సూది. రక్తం తీసే సూది పాటిదే. కణాల్ని పీల్చి గాజు పలక మీద పూస్తారు. చవక, త్వరగా అయిపోతుంది. నీటి బుడగ అయితే నీళ్లు లాగేస్తే అక్కడికక్కడే గడ్డ మాయం. చంకలో గ్రంథులకి కూడా పనికొస్తుంది. రొమ్ములో గట్టి గడ్డకి మాత్రం ఇది చాలదు. ఎందుకో చెప్తాను. మడిలో నీళ్లున్నాయనుకోండి. గట్టు లోపలే ఉన్నాయా, గట్టు తెగి పక్క చేలోకి పోయాయా? చెంబుతో నీళ్లు ముంచి తెచ్చి చూపిస్తే ఎవరూ చెప్పలేరు. సన్న సూది తెచ్చేది ఆ చెంబుడు నీళ్లే. కాన్సర్ పాలనాళం లోపలే ఉందా, గోడ దాటిందా అనేది తెలియాలంటే గట్టుతో సహా ముక్క కావాలి.

ఆ ముక్క తెచ్చేది కోర్ బయాప్సీ, మనవాళ్లు ముక్క పరీక్ష అనేది. సూదిని స్ప్రింగుతో టక్కున గడ్డలోకి పంపే పరికరాన్ని తుపాకీ అంటాం. దాన్ని స్వీడన్‌లో లింగ్రెన్ అనే డాక్టర్ 1982లో పరిచయం చేశాడు. అమెరికాలో పార్కర్ అనే డాక్టర్ 1990లో దాన్ని రొమ్ముకి వాడి చూపించాక ప్రపంచమంతా పాకింది. వాడేది ఎక్కువగా 14 నంబరు సూది, సుమారు రెండు మిల్లీమీటర్ల లావు. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, ఈ తిరకాసు లెక్క ఎవరు పెట్టారో గానీ.

దీనికి ఉపవాసం అక్కర్లేదు. ఇడ్లీ తినే రండి. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. చెయ్యి తల పైకి పెట్టి పడుకోబెడతాం. తిమ్మిరి ఇంజెక్షన్ చేసేటప్పుడు చీమ కుట్టినట్టు మంట, నొప్పంతా దాదాపు అదే. తర్వాత చర్మం మీద బియ్యపు గింజంత గాటు. సూది ఛాతీ గోడకి సమాంతరంగా, పక్కవాటుగా వెళ్తుంది గనక ఊపిరితిత్తి జోలికి పోదు. తుపాకీ పేలినప్పుడు స్టేప్లర్ కొట్టినట్టు టక్కుమంటుంది. ఆ చప్పుడుకి ఉలిక్కిపడతారని ముందే ఒకసారి గాల్లో పేల్చి వినిపిస్తాను. నాలుగైదు ముక్కలు తీస్తాం, ఒక్కోటి సేమ్యా ముక్కంత. ముక్క చెడకుండా ఉంచే ఫార్మలిన్ అనే ద్రవం సీసాలో వేయగానే మునిగితే నాకు ధైర్యం. తేలితే కొవ్వు అని అనుమానం, ఇంకోటి తీస్తాను. పది నిమిషాలు గట్టిగా అదిమితే చాలు, కుట్లు ఉండవు. కొన్ని రోజులు కమిలి నేరేడుపండు రంగులో ఉంటుంది. ఒకటి రెండు రోజులు సిలిండర్ ఎత్తే పని మీ ఆయనకి అప్పజెప్పండి. వెనక వరుస విన్నారు కదా!

ఆ ముక్కలోనే ఈఆర్, పీఆర్, హర్-2 పరీక్షలు చేస్తారు. మొదటి రెండూ కాన్సర్ కణాల మీద హార్మోన్లు అంటుకునే చోట్లు, మూడోది ఒక ప్రొటీన్. ఏ మందు పని చేస్తుందో తేల్చేవి అవే. ముక్క ఫార్మలిన్‌లో కనీసం ఆరు గంటలు నానాలి, అందుకే సాయంత్రానికే రిపోర్టు ఇమ్మని ల్యాబ్ వాళ్లతో పోట్లాడకండి.

చేతికి దొరకనివి కొన్ని ఉంటాయి. మామోగ్రామ్‌లో, అంటే రొమ్ముకి తీసే ఎక్స్‌రేలో, ఉప్పు చల్లినట్టు సున్నపు చుక్కలు కనిపిస్తాయి. స్కానింగ్‌లో చాలాసార్లు అవి అందవు. అప్పుడు మామోగ్రామ్ మిషన్‌తోనే రెండు కోణాల్లో బొమ్మలు తీసి లోతు లెక్కగడతాం. కాస్త లావు సూది ఒక్కసారే లోపలికి పంపి, వాక్యూమ్‌తో లాగుతూ చుట్టూ ముక్కలు తీస్తాం. తీసిన ముక్కలకే మళ్లీ ఎక్స్‌రే తీసి చుక్కలు వచ్చాయో లేదో చూసుకుంటాం. ఆనవాలుగా నువ్వుగింజంత క్లిప్ వదిలేస్తాం. అది ఎయిర్‌పోర్టులో మోగదు, ఎంఆర్‌ఐకి అడ్డు రాదు.

మామోగ్రామ్, స్కానింగ్ రిపోర్టులో బైరాడ్స్ 4 అని చూసి నాలుగో స్టేజీ అనుకుని ఏడ్చుకుంటూ వచ్చేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. అది స్టేజీ కానే కాదు, అనుమానం స్థాయి. 4ఏ అంటే కాన్సర్ అయ్యే అవకాశం నూటికి 2 నుంచి 10. అంటే తొంభై మందికి పైగా ఏమీ లేకుండా ఇంటికి వెళ్తారు. 4సీ అయితే 50 నుంచి 95. అందుకే అంకె పక్కన అక్షరం కూడా చదవండి.

దీనికి తిరగేసిన సంగతి ఇంకొకటి. బొమ్మ చూస్తే కాన్సర్ అనిపిస్తోంది, ముక్కలో ఏమీ లేదని వచ్చింది. స్వీట్లు పంచకండి. సూది గడ్డ పక్కనుంచి పోయి ఉండొచ్చు. బొమ్మ, ముక్క ఒకే మాట చెప్పాలి. పొంతన కుదరకపోతే మళ్లీ తీయించాల్సిందే. మళ్లీ రమ్మన్నారని ఆ డాక్టర్‌ని తిట్టుకోకండి, మంచి డాక్టరే.

ఊళ్లో పరీక్ష చేయించుకుని ఇక్కడి కిద్వాయి కాన్సర్ ఆస్పత్రికో, ఇంకో ఆస్పత్రికో వచ్చే మీ చుట్టాలకి ఒక మాట చెప్పండి. కాగితం రిపోర్టు ఒక్కటే పట్టుకుని రావద్దు. ల్యాబ్‌లో అడిగి స్లైడ్లు, బ్లాకు తీసుకుని రావాలి. స్లైడ్లంటే మైక్రోస్కోప్ కింద చూసే గాజు పలకలు, మైనంలో పొదిగిన మీ ముక్కే ఆ బ్లాకు. అది ఉంటే చాలాసార్లు రెండోసారి గుచ్చే పని ఉండదు. కారు డ్యాష్‌బోర్డు మీద ఎండలో మాత్రం పెట్టకండి, అది మైనం కదా.

ఇక ప్రశ్నలు అడగండి. మైకులో అడగడం ఇబ్బందైతే చీటీ రాసి పంపండి.