ఓవెన్ సెన్సార్ పోయిందా? కొత్తది కొనే ముందు ఈ చిన్న లెక్క చూడండి

(కేకు కోస్తున్న దృశ్యం. పైభాగం తెల్లగా ఉంది, మధ్యలో తడి పిండి కనిపిస్తోంది.)

నమస్కారం అండీ. ఈ కేకు చూడండి, 180 డిగ్రీల మీద 35 నిమిషాల్లో అయిపోవాల్సింది. 45 నిమిషాలు ఉంచినా పైన రంగు రాలేదు, పుల్ల గుచ్చితే పిండి అంటుకుని వస్తోంది. గుంటూరు బ్రాడీపేటలో మా వదిన వాళ్ల ఓవెన్ ఇది, అల్మరాలో బిగించే కరెంటు ఓవెన్. వదిన ఆర్డర్ల మీద కేకులు చేస్తుంది, ఓవెన్ ఆగితే ఆ వారం డబ్బులు ఆగినట్టే. రిపేరుకి వచ్చినాయన మీటర్ పెట్టి చూసి, సెన్సార్ పోయింది, ఓవెన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు కూడా మార్చాల్సి రావచ్చు అని చెప్పి వెళ్లాడట. వదిన టెన్షన్ పడుతూ ఫోన్ చేస్తే, విజయవాడ నుంచి నా మల్టీమీటర్ సంచిలో వేసుకుని వెళ్లాను.

ముందు మీ ఇంట్లో ఉన్నది ఏ రకమో చూసుకోండి, ఎందుకంటే ఈ వీడియోలో చెప్పే ఓమ్స్ లెక్క (ఓమ్స్ అంటే కరెంటుకి అడ్డుపడే నిరోధాన్ని కొలిచే యూనిట్లు) అన్నిటికీ పనికిరాదు. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే నాబ్ తిప్పే ఓటీజీలో (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) ఎలక్ట్రానిక్ సెన్సార్ ఉండదు, వేడికి వంగే లోహపు పట్టీతోనో, సన్నటి గొట్టంలో ఉన్న ద్రవంతోనో పనిచేసే థర్మోస్టాట్ ఉంటుంది. కన్వెక్షన్ మైక్రోవేవ్ అయితే బాడీ విప్పకండి. ప్లగ్ తీసేసినా లోపల కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలవ ఉండొచ్చు. అది తెలిసినవాళ్ల చేతికే ఇవ్వండి.

(క్లోజప్: ఓవెన్ లోపల వెనక గోడలోంచి ముందుకి వచ్చిన పెన్సిల్ కంటే సన్నటి లోహపు కడ్డీ.)

డిజిటల్ డిస్‌ప్లే ఉన్న ఓవెన్లలో సెన్సార్ చాలావరకు ఇదిగో ఇలా ఉంటుంది. లోపల ప్లాటినం ఉంటుంది, వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. బోర్డుకి వేడి సంగతి తెలియదండీ, అది చూసేది ఓమ్స్ మాత్రమే. ఇంత నిరోధం ఉంది కాబట్టి ఇంత వేడి ఉంది అని లెక్క కట్టి హీటర్‌ని ఆపుతుంది, మళ్లీ వేస్తుంది.

విప్పడానికి తొందరపడకండి, ముందు లోపల నిజంగా ఎంత వేడి ఉందో చూద్దాం. ఓవెన్ థర్మామీటర్ ఒకటి మధ్య అరలో పెట్టి, 180 సెట్ చేసి, అరగంట తలుపు తీయకుండా వదిలేయండి. తర్వాత అద్దంలోంచి చూస్తూ ప్రతి ఐదు నిమిషాలకి ఒక అంకె రాసుకోండి. ఒక్కసారి చూసి తేల్చేయకూడదు, హీటర్ ఆగుతూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి పది పదిహేను డిగ్రీలు అటూ ఇటూ ఊగడం మామూలే. సగటు చూడాలి. వదిన ఓవెన్‌లో సగటు 152 వచ్చింది. 28 డిగ్రీలు తక్కువ, అంటే తేడా నిజంగానే ఉంది.

థర్మామీటర్ లేకపోతే పంచదార ఉంది కదా. పంచదార సుమారు 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చిన్న గిన్నెలో ఒక చెంచా వేసి 175 మీద పావుగంట పెడితే కరగకూడదు, 190 మీద పావుగంట పెడితే కరగాలి. ఓటీజీ ఉన్నవాళ్లకి కూడా ఇది బాగా పనికొస్తుంది.

ఇక్కడే ఒక విషయం, మన ఊళ్లలో చాలామంది దీన్ని సెన్సార్ మీదకి నెట్టేస్తారు. ఎండాకాలం సాయంత్రాలు వీధిలో ఏసీలన్నీ నడుస్తుంటే వోల్టేజ్ పడిపోతుంది చూడండి. 230 ఉండాల్సింది 200కి పడితే హీటర్ పవర్ సుమారు నాలుగింట మూడొంతులకి తగ్గిపోతుంది, ఓవెన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. అందుకే ఈ పరీక్ష పొద్దున్నే చేయండి. పొద్దున సరిగ్గా ఉండి సాయంత్రం మాత్రమే తేడా వస్తే సెన్సార్ జోలికి వెళ్లకండి. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు చినిగిందేమో, సెన్సార్ కడ్డీ వంగి గోడకి తగులుతోందేమో, ట్రే కింద వేసిన ఫాయిల్ దాన్ని కప్పేసిందేమో కూడా చూడండి.

(ఎమ్‌సీబీ ఆపుతున్న దృశ్యం.)

ఇప్పుడు మీటర్. ప్లగ్ తీయండి, ప్లగ్ లేకుండా నేరుగా వైరింగ్ ఇచ్చి ఉంటే ఎమ్‌సీబీ (ఇంటి కరెంటు బోర్డులో ఉండే ట్రిప్ స్విచ్) ఆపి, టెస్టర్ పెట్టి కరెంటు లేదని చూసుకోండి. ఈ స్టెప్ మీద నమ్మకం లేకపోతే ఇక్కడే ఆగిపోయి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, నేను ప్రాధేయపడి చెబుతున్నాను. వారంటీ ఉన్నా విప్పొద్దు. ఓవెన్ పూర్తిగా చల్లారాలి, రాత్రి వాడి ఉంటే పొద్దున చూడండి. విప్పే ముందు ప్రతి వైరుకీ ఫోన్‌తో ఫోటో తీసుకోండి.

వెనక రేకు తీసి, సెన్సార్ వైర్లు బోర్డుకి కలిసే చోట ప్లగ్ ఊడదీసి, మీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి రెండు వైర్ల మధ్య చూశాను. 1255. రిపేరాయనకి వచ్చిందీ దాదాపు ఇంతే. 1080కి అటూ ఇటూ ఉండాలి, ఇంత ఉందంటే పోయినట్టే అన్నాడట.

ఈ 1080 చాలా అమెరికన్ వీడియోల్లో వినిపిస్తుంది. అబద్ధం కాదు, కాకపోతే అది 21 డిగ్రీల గదికి వచ్చే అంకె. మే నెలలో గుంటూరు వంటింట్లో 21 ఎక్కడుంటుందండీ? ఈ రకం సెన్సార్‌ని పీటీ 1000 అంటారు, సున్నా డిగ్రీల దగ్గర సరిగ్గా 1000 ఓమ్స్ చూపిస్తుంది, అక్కడి నుంచి డిగ్రీకి సుమారు 3.85 ఓమ్స్ పెరుగుతుంది. మీ గది వేడిని 3.85తో గుణించి 1000 కలపండి, అంతే. 25 డిగ్రీలైతే దాదాపు 1097, 35 అయితే 1136, విజయవాడలో ఎండలు మండే రోజు వంటిల్లు 40 ఉంటే 1155. అంటే మంచి సెన్సార్ కూడా మన దగ్గర 1155 చూపిస్తుంది, దాన్ని చూసి చెడిపోయిందని పారేస్తే కొన్న కొత్తదీ అదే చూపిస్తుంది! పీటీ 500 రకమైతే ఇందులో సగం. మీ మీటర్‌లో పదివేలల్లోనో, లక్షల్లోనో ఓమ్స్ కనిపిస్తే అది వేరే రకం, ఎన్‌టీసీ అంటారు, వేడికి దాని నిరోధం తగ్గుతుంది, ఈ లెక్క దానికి వర్తించదు.

వదిన వంటింట్లో ఆ రోజు 38 డిగ్రీలు. లెక్క ప్రకారం 1146 చుట్టుపక్కల రావాలి, వచ్చింది 1255. వంద ఓమ్స్ పైన ఎక్కువ, అంటే బోర్డు అసలు వేడికి దాదాపు 28 డిగ్రీలు కలుపుకుని చూస్తోంది. లోపల 152 ఉండగానే 180 అయిందనుకుని హీటర్ ఆపేస్తోంది. థర్మామీటర్‌లో వచ్చిన తేడాతో ఇది సరిగ్గా కలిసింది.

కానీ అయ్యా, అమ్మా, నేను చూసింది బోర్డు వైపు నుంచి. సెన్సార్‌కీ బోర్డుకీ మధ్య ఇంకో జాయింట్ ఉంది. ఆ జాయింట్ విప్పి, సెన్సార్ కాళ్ల దగ్గరే మీటర్ పెట్టాను.

(మీటర్ క్లోజప్: 1149.)

1149. సెన్సార్ బంగారంలా ఉంది. చేత్తో కడ్డీ పట్టుకుంటే ఆగకుండా, ఎగిరి దూకకుండా నెమ్మదిగా మారింది. ఒక కాలుకీ బయటి లోహానికీ మధ్య చూస్తే ఓఎల్ (రెండింటి మధ్య కరెంటుకి దారి లేదని మీటర్ చూపే గుర్తు) వచ్చింది, అంటే లోపల షార్ట్ కూడా లేదు. తప్పంతా ఆ జాయింట్‌ది. పిన్నులు నల్లబడి పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి, ఆ చిలుమే వంద ఓమ్స్ అదనంగా కలుపుతోంది.

మెత్తటి ఎమెరీ కాగితంతో రుద్దితే 1160కి దిగింది, అది చాలదనిపించి ఆ ముక్క తీసేసి వైర్లని సిరామిక్ కనెక్టర్‌లో బిగించాను. ప్లాస్టిక్ టేపు చుట్టకండి, అక్కడి వేడికి కరిగిపోతుంది. ఒకవేళ సెన్సార్ దగ్గరే ఓఎల్ వచ్చినా, సున్నా వచ్చినా, లెక్కకి నలభై ఓమ్స్ కంటే, అంటే దాదాపు పది డిగ్రీల కంటే, ఎక్కువ తేడా ఉన్నా అప్పుడు మార్చండి. పాత దాని మీదున్న నంబరు చూపించి అదే రకం తీసుకోండి. తేడా అయిదో పదో డిగ్రీలే అయితే చాలా ఓవెన్ల సెట్టింగ్స్‌లో సరిచేసుకునే వీలుంటుంది, మాన్యువల్ చూడండి.

అన్నీ బిగించి మళ్లీ 180 పెట్టాం. అరగంట తర్వాత రాసుకున్న అంకెలు 174, 186, 177, 184. మర్నాడు పొద్దున ఆర్డర్ కేకు 36 నిమిషాల్లో అయింది. వదిన ఒక చీటీ రాసి అల్మరా తలుపు లోపల అంటించింది: “గది 38, సెన్సార్ 1149.”