లోపలి గది

శ్రోతలకు నమస్కారం.

మా పెద్దమ్మకు పక్షవాతం వచ్చింది. పెద్దదేమీ కాదు. ఎడమ పక్కంతా తిమ్మిరెక్కింది, పది రోజుల్లో లేచి తిరిగింది. గండం గడిచిందనుకున్నాం. అసలు బాధ రెండు నెలల తర్వాత మొదలైంది. ఎడమ చేతికి దుప్పటి అంచు తగిలినా కారం రాసినట్టు మంటగా ఉందనేది. ఫ్యాను గాలికి కూడా ఉలిక్కిపడేది. చీర కట్టడం మానేసి నైటీలోనే ఉండిపోయింది. చూస్తే చేతి మీద దెబ్బ లేదు, వాపు లేదు, ఎర్రదనం లేదు. "వయసు మీద పడింది కదా, చాదస్తం" అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

స్కానింగ్ చూసిన న్యూరాలజిస్టు, మెదడులో కుడివైపు థలమస్‌లో శనగగింజంత చోటు దెబ్బతిందని చెప్పారు.

థలమస్ అంటే గ్రీకులో లోపలి గది. మెదడు నట్టనడుమ, కుడికొకటి ఎడమకొకటి, కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. కన్ను, చెవి, నాలుక, చర్మం, ఏది పంపిన కబురైనా ముందు ఈ గదికి వచ్చి, ఆ తర్వాతే మెదడు పైపొరకు, అంటే కార్టెక్స్‌కు చేరుతుంది. చూపుకో మూల, వినికిడికో మూల, ఒంటి స్పర్శకొకటి, మొహానికి వేరొకటి. పోపు వాసన మాత్రం ఈ గది తొక్కకుండా పెరటి గుమ్మంలోంచి పోయినట్టు నేరుగా వెళ్ళిపోతుంది.

వచ్చిన ఉత్తరాన్ని వచ్చినట్టే పంపే పోస్టాఫీసు అనుకుంటే పొరపాటు. చూపు తాలూకు మూలలో, కబురు పైకి పంపే కణాలకున్న కనెక్షన్లలో కంటి నుంచి వచ్చేవి నూటికి పదికి మించవు. మిగతావన్నీ కార్టెక్స్ నుంచి, మెదడు కాండం నుంచి, చుట్టూ ఉండి అదుపు చేసే కణాల నుంచి వచ్చేవే. ఏది గట్టిగా పంపాలి, ఏది తగ్గించాలి అన్న సర్దుబాటు అక్కడే సాగుతుంది. అది చెడితే మెత్తటి తాకిడి కూడా మంటై పైకి చేరవచ్చు. పారిస్‌లో దెజెరీన్, రూసీ అనే వైద్యులు 1906లోనే ఈ బాధను వివరంగా రాశారు.

కదలికలకూ ఇదే దారి. చేతిని ఎంత సాఫీగా కదపాలో చిన్నమెదడు చెప్పే సంగతి థలమస్ మీదుగానే కార్టెక్స్‌కు వెళ్తుంది. 1987లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో బెనబిద్ అనే సర్జన్, చేతులు వణికే రోగులకు ఆపరేషన్ చేస్తూ థలమస్‌లో సన్నని తీగతో కరెంటు పెట్టి చూశారు. సెకనుకు వంద సార్లు దాకా ఇచ్చేసరికి వణుకు ఆగింది. కరెంటు తీస్తే మళ్ళీ వచ్చింది. మెదడు లోపల తీగ అమర్చి కరెంటు ఇచ్చే ఈనాటి డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) చికిత్సకు అది పునాది.

పెద్దమ్మకు ఆపరేషన్ అక్కర్లేకపోయింది. మామూలు నొప్పి మాత్రలు పనిచేయలేదు. నరాల ఉద్రేకాన్ని తగ్గించే మందులు మొదలుపెట్టారు. మంట పూర్తిగా పోలేదు. కానీ సంక్రాంతి నాడు మెత్తటి నేత చీర కట్టుకుని, పైట ఎడమ భుజం మీద వేసుకుని, మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుంది.