కార్టిసాల్ రిపోర్ట్‌లో ముందు టైమ్ చూడండి

మొన్న ఒకాయన కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథుల్లో తయారయ్యే హార్మోన్) రిపోర్ట్ ఫొటో పంపి ఒక్క ముక్క అడిగారు. "కార్టిసాల్ 5 వచ్చింది, నా అడ్రినల్ గ్రంథులు పాడైనట్టేనా?" అని. పైన మూల చిన్న అక్షరాల్లో రక్తం తీసిన టైమ్ ఉంది, సాయంత్రం 5:40. ఆ టైమ్‌కి 5 (డెసిలీటర్‌కి మైక్రోగ్రాముల్లో) మామూలే. అదే 5 పొద్దున 8 గంటలకు వచ్చి ఉంటే మాత్రం, ముందు ఫోన్ పక్కన పడేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి అనేవాణ్ణి. ఎందుకంటే కార్టిసాల్ తెల్లవారుజామున పెరిగి, లేచే వేళకి బాగా ఎక్కువగా ఉండి, అర్ధరాత్రికి అడుగంటుతుంది. టైమ్ లేని కార్టిసాల్ నంబర్‌కి అర్థం లేదు.

అడ్రినల్స్ అంటే రెండు కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న బుల్లి గ్రంథులు, ఒక్కోటి 4, 5 గ్రాములు అంతే. పాఠ్యపుస్తకాల్లో అధివృక్క గ్రంథులు అంటారు, ఆ పేరుతో అడిగితే ల్యాబ్‌లో ఎవరూ పలకరు. పై పొరలో కార్టిసాల్, ఉప్పునీ బీపీనీ చూసుకునే ఆల్డోస్టిరాన్, కొంచెం ఆండ్రోజెన్లు, అంటే మగ హార్మోన్లు తయారవుతాయి. లోపలి గుజ్జులో అడ్రినలిన్. పరీక్షల వెనక ఉన్న లాజిక్ కూడా చాలా సింపుల్, హార్మోన్ తక్కువైందని అనుమానం వస్తే గ్రంథిని తట్టి లేపి చూస్తారు, ఎక్కువైందని అనుమానం వస్తే నోరు మూయించి చూస్తారు.

తక్కువ సంగతి ముందు. అడిసన్స్ జబ్బు. థామస్ అడిసన్ అనే లండన్ డాక్టర్ 1855లో రాశాడు, అప్పట్లో క్షయ పెద్ద కారణం, ఇప్పుడు చాలా చోట్ల మన రోగనిరోధక వ్యవస్థే గ్రంథిని తినేయడం కారణం. అమెరికా అధ్యక్షుడు కెనడీకి ఉన్నది ఇదే. నీరసం, బరువు తగ్గడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, ఉప్పు తినాలనిపించడం. ఇవి వంద జబ్బుల్లో ఉంటాయి కాబట్టే నెలల తరబడి దొరకదు. కానీ ఒక గుర్తు ఉంది. అరచెయ్యి తెరిచి గీతల్లోకి చూడండి, చిగుళ్లు చూడండి, ఈ మధ్య పడిన దెబ్బ మచ్చ చూడండి, కొత్తగా నల్లబడ్డాయా అని. గ్రంథి పలకకపోతే మెదడు కింద ఉన్న పిట్యూటరీ ఏసీటీహెచ్ అనే హార్మోన్‌తో గొంతు చించుకుని అరుస్తుంది. ఆ ఏసీటీహెచ్, చర్మానికి రంగు పెంచే హార్మోన్ ఒకే పెద్ద ప్రోటీన్ ముక్కలు, అందుకే ఒకటి పెరిగితే రంగూ పెరుగుతుంది. తప్పు పిట్యూటరీదే అయితే అరుపే ఉండదు, నలుపూ రాదు.

నిర్ధారణకి చేసేది సినాక్తెన్ పరీక్ష. ముందు ఒకసారి రక్తం తీసి, 250 మైక్రోగ్రాముల కృత్రిమ ఏసీటీహెచ్ ఇచ్చి, 30 నిమిషాలకి, 60 నిమిషాలకి మళ్లీ తీస్తారు. బాగున్న గ్రంథి ఎగిరి లేస్తుంది, పాడైంది కదలదు. దీనితో పాటు తీసే ఏసీటీహెచ్ ట్యూబ్ మాత్రం ఐస్‌లో పెట్టి పరుగెత్తాల్సిందే, నేను ల్యాబ్‌లో ఉన్నప్పుడు ఆ ట్యూబ్ బల్ల మీద మర్చిపోయి తిట్లు తిన్నాను. ఒక్క మాట, మనిషి వాంతులతో, బీపీ పడిపోయి వస్తే ఈ పరీక్షలకోసం ఆగరు, హైడ్రోకార్టిసోన్ (మందు రూపంలో కార్టిసాలే) ఇంజెక్షన్ ముందు, జబ్బు పేరు తర్వాత. నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడి టక్కున ఆపేసినవాళ్లకీ ఇదే గతి పట్టొచ్చు, కాబట్టి వాటిని సొంతంగా ఆపకండి.

కార్టిసాల్ ఎక్కువైతే కుషింగ్స్ జబ్బు. ముఖం గుండ్రంగా ఉబ్బడం, పొట్ట మీద వెడల్పాటి ఊదా చారలు, ఊరికే చర్మం కమిలిపోవడం, కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవలేకపోవడం. ఇక్కడ మొదటి పరీక్ష సూది కాదు, ప్రశ్న. ఏం వాడుతున్నారు? మాత్రలు, కీళ్లలో ఇంజెక్షన్లు, చర్మానికి రాసే క్రీములు, ఏముందో తెలియని పొడులు. అన్నిటికన్నా ఎక్కువ మందికి కారణం బయటినుంచి వచ్చిన స్టెరాయిడే. అది కాదని తేలాక రాత్రి 11 గంటలకి 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ (కార్టిసాల్ తయారీని అణచే స్టెరాయిడ్ మాత్ర) మింగించి పొద్దున 8కి కార్టిసాల్ చూస్తారు. డెసిలీటర్‌కి 1.8 మైక్రోగ్రాములకి, లేదా ఇంకా కిందికి దిగాలి. దిగకపోతే అనుమానం, అంతే, ఇంకా తీర్పు కాదు. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో ఈ నంబర్ ఉత్తినే ఎక్కువ చూపిస్తుంది, ఆ సంగతి డాక్టర్‌కి చెప్పకపోతే లేనిపోని టెన్షన్. అర్ధరాత్రి లాలాజలం పరీక్ష కూడా ఉంది, నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకి మాత్రం అది పనికిరాదు, వాళ్ల గడియారమే తిరగబడి ఉంటుంది కదా.

మూడు మందులు వాడినా బీపీ దిగట్లేదంటే ఆల్డోస్టిరాన్ ఎక్కువై ఉండొచ్చు, ఆల్డోస్టిరాన్, రెనిన్ (ఆల్డోస్టిరాన్‌ని పెంచే కిడ్నీ సంకేతం) నిష్పత్తి చూడమని అడగండి. పొటాషియం నార్మల్‌గా ఉంది కాబట్టి ఇది కాదు అనేస్తారు కొందరు, ఈ జబ్బున్న చాలామందిలో పొటాషియం నార్మల్‌గానే ఉంటుంది. ఇక తలనొప్పి, చెమటలు, గుండెదడ మూడూ కలిసి దాడిలా వచ్చిపోతుంటే ఫియోక్రోమోసైటోమా, అంటే అడ్రినలిన్ గుమ్మరించే గడ్డ ఉందేమో చూడాలి. దానికి చేసే మెటానెఫ్రిన్ల (అడ్రినలిన్ విరిగితే వచ్చే పదార్థాలు) పరీక్షకి అరగంట కదలకుండా పడుకోబెట్టి రక్తం తీయాలి. కూర్చోబెట్టి తీస్తే నంబర్ పెరిగి భయపెడుతుంది.

స్కాన్ ఎప్పుడు? చివర. చాలామంది తొందరపడేది ఇక్కడే. వయసు పెరిగేకొద్దీ ఏ పనీ చేయని చిన్న గడ్డలు అడ్రినల్స్ మీద చాలామందికి ఉంటాయి, వేరే పనికి తీసిన సీటీలో అనుకోకుండా బయటపడతాయి. రక్తం సంగతి తేల్చకుండా స్కాన్ తీస్తే, తప్పు చేయని గడ్డ మీద నేరం పడుతుంది. సీటీలో ఆ గడ్డ సాంద్రత 10 యూనిట్లు, లేదా అంతకన్నా తక్కువ ఉంటే కొవ్వు నిండిన మామూలు గడ్డే. అయినా హార్మోన్లు వదులుతోందేమో ఒకసారి చూస్తారు.

"అడ్రినల్ ఫెటీగ్" అని చెప్పి సప్లిమెంట్లు అమ్మేవాళ్ల గురించి అడిగారు చాలామంది. ఆ పేరుతో ఎండోక్రినాలజీలో, అంటే హార్మోన్ల వైద్యంలో గుర్తించిన జబ్బు లేదు. నీరసం నిజమే, పేరు మాత్రం అబద్ధం.

ఆ రిపోర్ట్ పంపినాయన మళ్లీ పొద్దున 8కి రక్తం ఇచ్చారు, 16 వచ్చింది. నీరసం అలాగే ఉందట, ఇప్పుడు థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించుకుంటున్నారు.