గడ్డి బండి స్టార్ట్ కావట్లేదా? కార్బొరేటర్ విప్పే ముందు ఇది చూడండి

నమస్కారం అండి. ఇప్పుడు మనం కాజ టోల్‌గేట్‌కి దగ్గర్లో ఒక ఫంక్షన్ గార్డెన్‌లో ఉన్నాం. నా వెనక ఉన్నది కూర్చుని నడిపే లాన్ మోవర్. ఇక్కడ పనిచేసేవాళ్ళంతా గడ్డి బండి అంటారు. సింగిల్ సిలిండర్ పెట్రోల్ ఇంజన్, కింద రెండు బ్లేడ్లు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఎండాకాలమంతా షెడ్డులో ఉంది. ఇప్పుడు వానలు పడ్డాయి, గడ్డి మోకాలెత్తు పెరిగింది, శ్రావణమాసం పెళ్ళిళ్ళు దగ్గరకొచ్చాయి. బండేమో కదలట్లేదు.

రివ్యూ అంటే మామూలుగా కోత ఎలా ఉంది, సీటు మెత్తగా ఉందా అని చెప్పుకుంటాం. అవి చివర్లో చూద్దాం. కారుకీ బైక్‌కీ సందుకో మెకానిక్ దొరుకుతాడు కానీ, దీనికి విజయవాడలో గానీ గుంటూరులో గానీ వెతుక్కోవాలి. అందుకే మొరాయిస్తే మనంతట మనం ఎంతవరకు చూసుకోగలం అనేదే ఈ బండికి అసలు పరీక్ష అని నా అభిప్రాయం.

పని మొదలుపెట్టే ముందు ఒక్క మాట. బ్లేడ్ దగ్గర చెయ్యి పెట్టాలంటే ముందు స్పార్క్ ప్లగ్ క్యాప్ పీకెయ్యండి. కీ తీసేశాం కదా అనుకోవద్దు. చేత్తో బ్లేడ్ తిప్పినా ఇంజన్ తిరిగే ప్రమాదం ఉంది.

ఇప్పుడు కీ తిప్పుతున్నాను, వినండి. ఏమీ లేదు. కనీసం టిక్ అని కూడా లేదు. తోటమాలి బాబాయ్ అప్పుడే బ్యాటరీ పోయిందని తేల్చేశారు. మీటర్ పెడదాం బాబాయ్, ఒక్క నిమిషం. 12.5 వోల్టులు ఉంది. ఫుల్ ఛార్జ్ ఉంటే 12.6 దాకా చూపిస్తుంది, కాబట్టి మరీ డౌన్ అయిన బ్యాటరీ కాదు. వెళ్ళి కొత్తది కొంటే డబ్బులు దండగ.

బ్యాటరీ ఉండి కూడా శబ్దం రాకపోతే ముందు ఫ్యూజు, తర్వాత సేఫ్టీ స్విచ్‌లు చూడాలి. ఈ బండ్లలో బ్రేక్ పెడల్ కింద ఒక స్విచ్, బ్లేడ్ ఆన్ చేసే దగ్గర ఒకటి, సీటు కింద ఒకటి ఉంటాయి. బ్రేక్ పూర్తిగా తొక్కకపోయినా, బ్లేడ్ ఆన్‌లో ఉండిపోయినా సెల్ఫ్ తిరగదు. అది కంపెనీ కావాలని పెట్టిన కాపలా. చాలామంది ఇక్కడే కంగారు పడిపోతారు. ముందు బ్రేక్ చివరిదాకా తొక్కి, బ్లేడ్ ఆఫ్ చేసి మళ్ళీ తిప్పి చూడండి.

ఇందులో బ్రేక్ తొక్కినా రాలేదు. కెమెరా కొంచెం కిందికి పెట్టు తమ్ముడూ. ఇదిగో, పెడల్ వెనక స్విచ్‌కి వెళ్ళే వైరు. ఇన్సులేషన్ మొత్తం ఎలుక కొరికేసింది, లోపల రాగి నల్లబడి ఒక్క పోగు మీద నిలబడింది. షెడ్డులో పక్కనే వంట సామాన్లు పెట్టారు, ఎలుకలు రాక ఏం చేస్తాయి. వైరు శుభ్రం చేసి, కలిపి, స్లీవ్ వేశాం. ఇప్పుడు కీ తిప్పుతున్నాను. సెల్ఫ్ తిరిగింది!

సీటు స్విచ్ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. అది ఇబ్బంది పెడుతోందని రెండు వైర్లూ కలిపేసి డైరెక్ట్ చేసేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు, ఎవరినీ చెయ్యనివ్వొద్దు. గట్టు మీద బండి ఒరిగి మనిషి కింద పడితే ఇంజన్‌ని ఆపేది ఆ స్విచ్ ఒక్కటే. స్విచ్ పోతే కొత్తది వేయించండి.

మీ బండిలో కీ తిప్పితే టక్ మని ఒక్క శబ్దం వచ్చి ఆగిపోతోందా? అయితే ముందు బ్యాటరీ టర్మినల్స్, ఎర్త్ వైరు బోల్టు విప్పి గీకి బిగించండి. అప్పటికీ అంతే అయితే సెల్ఫ్ తిప్పుతూ మీటర్ చూడండి. వోల్టేజ్ 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ నీరసించినట్టే. పడకుండా అక్కడే నిలబడి, సెల్ఫ్ కూడా కదలకపోతే సోలనాయిడ్ మీద, అంటే బ్యాటరీ కరెంటుని సెల్ఫ్ మోటార్‌కి కలిపే స్విచ్ మీద అనుమానం పెట్టుకోండి.

ఇంకో రకం ఉంది, దీని మీద చాలా డబ్బు వృథా అవుతుంది. సెల్ఫ్ సగం తిరిగి, ఏదో అడ్డుపడ్డట్టు ఆగుతుంది. బ్యాటరీ మారుస్తారు, సెల్ఫ్ మోటార్ మారుస్తారు, అయినా అదే తంతు. సింగిల్ సిలిండర్ ఇంజన్లలో స్టార్టింగ్ అప్పుడు వాల్వ్ కాస్త తెరుచుకుని కంప్రెషన్ తగ్గించే ఏర్పాటు ఉంటుంది. వాల్వ్ క్లియరెన్స్, అంటే వాల్వ్ దగ్గర వదిలే సన్నని సందు ఎక్కువైతే అది పనిచేయదు, ఆ ఒత్తిడిని సెల్ఫ్ తిప్పలేదు. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టి మాన్యువల్ ప్రకారం వాల్వ్ సెట్ చేస్తే పోతుంది.

సరే, మన బండికి వద్దాం. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవట్లేదు. ఇక్కడ ఆగి ఆయిల్ పుల్ల తీసి వాసన చూడండి. లెవెల్ పెరిగి పెట్రోల్ వాసన వస్తే కార్బొరేటర్‌లో పెట్రోల్‌ని ఆపే నీడిల్ లీకై పెట్రోల్ ఇంజన్లోకి దిగినట్టు. ఆ ఆయిల్‌తో స్టార్ట్ చేయకూడదు. ఇందులో ఆయిల్ బాగానే ఉంది.

ప్లగ్ తీశాను, పొడిగా ఉంది. గ్యాప్ 0.76 మిల్లీమీటర్లు, బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ కంపెనీ ఇంజన్లలో ఎక్కువగా చెప్పే కొలత ఇదే. స్పార్క్ నీలంగా కొడుతోంది. ప్లగ్ పొడిగా ఉండి స్పార్క్ ఉందంటే పెట్రోల్ రావట్లేదనే. ఎయిర్ ఫిల్టర్ తీసి కార్బ్ క్లీనర్ కొద్దిగా కొట్టి తిప్పాను. ఒక్కసారి బుర్రుమని ఆగిపోయింది. ఇక అనుమానం లేదు.

ఇప్పుడు విప్పాలి కార్బొరేటర్. కింద ఈ గిన్నె చూడండి. అడుగున బెల్లం పాకంలా గోధుమరంగు జిగురు, దాని పక్కనే నీటి బొట్లు. వెలుగుకి పెట్టి చూస్తే పెట్రోల్ వెళ్ళే మెయిన్ జెట్ రంధ్రం కనపడట్లేదు, పూర్తిగా మూసుకుపోయింది. గిన్నె కింద ఉన్నది ఫ్యూయెల్ సోలనాయిడ్, కరెంటుతో తెరుచుకునే పెట్రోల్ వాల్వ్. కీ ఆన్ చేయగానే ఇది టిక్ మనాలి. అనకపోతే ఎంత శుభ్రం చేసినా పెట్రోల్ వెళ్ళదు. ఇది అంటోంది.

ఈ నీళ్ళు ఎక్కడివి? 2025 నాటికి మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే మామూలైపోయింది. ఇథనాల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. కృష్ణ ఒడ్డున మన ఉక్కపోత సంగతి మీకు తెలిసిందే. నెలల తరబడి ట్యాంకులో ఉంటే నీరు విడిపోయి అడుక్కి చేరుతుంది. పైగా ఇలాంటి చిన్న ఇంజన్ల మాన్యువల్స్‌లో చాలావాటిలో ఇథనాల్ 10 శాతం దాటకూడదని రాసి ఉంటుంది. నిజంగా బాధేస్తుందండి, ఇంత ఖరీదు పెట్టి కొన్న యంత్రానికి తగిన పెట్రోల్ దొరకడమే కష్టమైంది. మన చేతిలో ఉన్నది ఒకటే. నెల దాటి ఆపేటట్టయితే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపి కార్బొరేటర్ ఎండబెట్టండి.

జెట్ శుభ్రం చేసి, పాత పెట్రోల్ పారబోసి, ఫిల్టర్ మార్చి, కొత్త పెట్రోల్ పోశాం. చోక్ లాగి తిప్పుతున్నా. అదీ! వినండి ఆ సౌండ్.

పది నిమిషాలు నడిచి ఆగిపోయే బండ్లుంటాయి. ఆగిన వెంటనే ట్యాంకు మూత వదులు చేయండి. ఉస్సుమని గాలి లోపలికి వెళ్ళి, బండి మళ్ళీ అందుకుంటే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయినట్టు. వేడెక్కాక స్పార్క్ పోయి, చల్లారాక మళ్ళీ వస్తుంటే స్పార్క్ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ మీద అనుమానం పెట్టుకోండి. ఇంజన్ స్పీడు పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంటే జెట్ సగం మూసుకుందని ఎక్కువ అవకాశం. బ్లేడ్ వేయగానే ఆగిపోతే సీటు స్విచ్ చూడండి, డెక్ (బ్లేడ్ల మీద ఉండే కవరు) కింద తడిగడ్డి గట్టిపడిందేమో గీకండి. వేసవిలో 44, 45 డిగ్రీల ఎండలో కోసేవాళ్ళు ఇంజన్ కవర్ విప్పి ఫిన్స్, అంటే ఇంజన్ మీద రేకుల్లా ఉండే అంచుల మధ్య గడ్డి కూడా తీయాలి. ఈ ఇంజన్‌ని చల్లబరిచేది గాలి ఒక్కటే.

ఇక బండి సంగతి. కోత సమంగా ఉంది, ఎత్తు సర్దడం తేలిక, మలుపుల్లో కొంచెం వెడల్పు కావాలి. ఎకరం పైన చదును లాన్ ఉండి, వైరింగ్ చూసుకునే మనిషి ఒకరుంటే ధైర్యంగా తీసుకోవచ్చు. అర ఎకరం లోపు అయితే నేను వద్దంటాను, వెనక నడిచే మోవర్ చాలు. సెకండ్ హ్యాండ్ చూడ్డానికి వెళ్తే, మీరు వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్ళకి ముందే చెప్పండి. ఇంజన్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూసుకున్నాకే కీ తిప్పండి. తర్వాత బ్లేడ్ వేసి, బ్రేక్ మీద నుంచి కాలు తీసి, సీటులోంచి కొద్దిగా పైకి లేవండి. ఇంజన్ ఆగకపోతే ఎవరో సీటు స్విచ్ వైర్లు కలిపేశారనో, ఆ స్విచ్ పోయిందనో అర్థం. ఆ స్విచ్ సరిచేసి ఇచ్చేదాకా డబ్బులు ఇవ్వకండి.